విశాఖ డబుల్ డెక్కర్‌లో దిగాల్సింది మూడు చోట్లే

హన్మకొండ నుంచో కరీంనగర్ నుంచో విశాఖపట్నం పోయే కుటుంబం చేసే పని దాదాపు ఒకటే. లాడ్జిలో సామాను పెట్టి, కింద కౌంటర్లో చెప్పిన కారు మాట్లాడుకుని, ఒక్క రోజులో పది జాగాలు చుట్టేయడం. కైలాసగిరి, జూ, రుషికొండ, సబ్‌మెరైన్, సింహాచలం, మళ్లీ బీచ్. డ్రైవర్ హారన్ కొట్టినప్పుడల్లా లేచి కార్లో కూర్చోవడమే. రాత్రికి ఫోన్ నిండా ఫొటోలుంటాయి. సముద్రం ఊరికి ఏ దిక్కున ఉంది, కైలాసగిరి దాటాక రుషికొండనా, రుషికొండ దాటాక కైలాసగిరా అని పిల్లల్ని అడగండి, చెప్పలేరు. ఊరును చూడలేదు, జాగాల పేర్లకు టిక్కులు పెట్టుకుని వచ్చారంతే.

దీనికి మంచి విరుగుడు బీచ్ రోడ్డు మీద తిరిగే డబుల్ డెక్కర్ బస్సు. హాప్ ఆన్ హాప్ ఆఫ్ అంటారు. టికెట్ ఒక్కసారి కొంటే చాలు, తొవ్వలో ఏ స్టాప్‌లోనైనా దిగి, చూసి, వెనక వచ్చే బస్సు ఎక్కొచ్చు. పద్ధతి కొత్తదేమీ కాదు. బార్సిలోనా నగరం 1987లోనే మొదలుపెట్టింది. ఢిల్లీలో 2010 కామన్వెల్త్ క్రీడలప్పుడు వచ్చింది. దుబాయిలో ఇలాంటి బస్సులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ నుంచి గల్ఫ్ పోయి వచ్చినవాళ్లను అడిగితే దేరా సందుల్లో తిరిగే ఆ బస్సు సంగతి చెప్తారు. విశాఖలో 2025 ఆగస్టు 29న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కరెంటు డబుల్ డెక్కర్లను ప్రారంభించారు. ఆర్కే బీచ్ నుంచి, పాత బౌద్ధ ఆరామం ఉన్న తొట్లకొండ దాకా 16 కిలోమీటర్లు. 24 గంటల టికెట్ 500 రూపాయలనీ, అందులో సగం ప్రభుత్వం భరిస్తే పర్యాటకులకు 250 పడుతుందనీ ఆ రోజు ప్రకటించారు. రేటు మారి ఉండొచ్చు, కౌంటర్లో చూసుకోండి.

కారుకు బదులు ఈ బస్సే ఎక్కండని గట్టిగా చెప్తాను. కానీ కారులో తిరిగిన తీరునే ఈ బస్సులోనూ తిరుగుదామని ఎక్కితే మాత్రం కారుకంటే ఎక్కువ విసుగొస్తుంది. ఎందుకో లెక్క చూద్దాం.

పోను 16, రాను 16, మొత్తం 32 కిలోమీటర్లు. స్టాప్‌లలో ఆగుతూ, సిగ్నళ్ల దగ్గర నిలబడుతూ పోయే సిటీ బస్సు సగటున గంటకు 20 కిలోమీటర్లు పోతే గొప్ప. అంటే 96 నిమిషాలు. ఈ కొసన పది, ఆ కొసన పది నిమిషాల విరామం కలిపితే ఒక చుట్టుకు సుమారు రెండు గంటలు. ఇగ ఆ పూట రోడ్డు మీద ఎన్ని బస్సులున్నాయన్నదే అసలు సంగతి. రెండే బస్సులుంటే ఒక స్టాప్‌కు గంటకో బస్సు. నాలుగుంటే అరగంటకొకటి. ఆరుంటే ఇరవై నిమిషాలకొకటి. మేడారం జాతరప్పుడు హన్మకొండ పాయింట్ దగ్గర బస్సు ఎన్నింటికి అని ఎవరూ అడగరు, ఒకటి కదలగానే వెనక ఇంకొకటి వచ్చి నిలబడుతుంది కాబట్టి. ఎక్కి దిగే బస్సు హాయి మొత్తం అందులోనే ఉంది. గంటకో బస్సుంటే మీరు స్వేచ్ఛగా దిగినట్టు కనిపిస్తారు గాని, నిజానికి ఆ స్టాప్‌లో గంటపాటు కట్టుబడిపోయినట్టే. తెన్నేటి పార్కు చూడ్డానికి ఇరవై నిమిషాలు చాలు. మిగతా నలభై నిమిషాలు ఎండలో రోడ్డు వైపు మెడ సాచి చూడటమే. ఆరు చోట్ల దిగితే ఆ నలభైలే పూటంతా తినేస్తాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. బస్సులు సమాన ఎడంతో రావు. ముందు బస్సు సిగ్నల్ దగ్గర ఐదు నిమిషాలు ఆలస్యమైందనుకోండి. తర్వాతి స్టాప్‌లో ఆ ఐదు నిమిషాల్లో చేరిన జనం కూడా దాన్నే ఎక్కుతారు. ఎక్కడానికి ఇంకాస్త టైం, ఇంకాస్త ఆలస్యం. వెనక బస్సుకేమో జనం తగ్గి, చకచకా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. అప్పుడు రెండూ తోకపట్టుకుని వస్తాయి, తర్వాత చాలాసేపు ఒక్కటీ రాదు. రెండు బస్సుల మధ్య అరవై అరవై నిమిషాలుండాల్సిన ఎడం ఒకవైపు 10, ఒకవైపు 110 అయిందంటే, ఎప్పుడో వచ్చి స్టాప్‌లో నిలబడే మనిషి సగటున ఆగాల్సింది 30 నిమిషాలు కాదు, దాదాపు 51 నిమిషాలు. ఎక్కువమంది చిక్కేది ఆ పెద్ద ఎడంలోనే కాబట్టి. బస్సుల సంఖ్య అదే, డీజిల్‌కో కరెంటుకో అయ్యే ఖర్చూ అదే, జనం పడే యాతన మాత్రం దాదాపు రెట్టింపు. మందు ఒకటే. కొసన ఉన్న స్టాప్‌లో వెనక బస్సును కాసేపు ఆపి పంపడం. ఆ పని చేసే కంట్రోలర్ ఉన్న ఊళ్లో ఈ సర్వీసు బతుకుతుంది, లేని ఊళ్లో రెండేళ్లకే బస్సులు డిపోలో పడుంటాయి.

అందుకే టికెట్ కొనేటప్పుడు ఏమేం చూపిస్తారని అడగకండి. అడగాల్సినవి మూడు మాటలు. "అన్నా, ఈ పూట ఎన్ని బస్సులు తిరుగుతున్నాయి?" "తొట్లకొండ నుంచి ఆఖరి బస్సు ఎన్నింటికి?" "ఈ 24 గంటలు ఇప్పటి నుంచా, ఈ రోజు మట్టుకేనా?" మూడో ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. టికెట్ మీద ఉన్న టైం నుంచి రేపు అదే టైం దాకా చెల్లుతుందంటే, పొద్దున కొనడం నష్టం. మధ్యాహ్నం మూడింటికి కొంటే ఒక సాయంత్రం, ఒక పొద్దున, రెండు చల్లటి పూటలు చేతికొస్తాయి. మిట్టమధ్యాహ్నం పోయినా పోయిందే.

మన దిక్కు నుంచి పోయేవాళ్లకు రైలు కూడా దీనికి సరిగ్గా కుదురుతుంది. సికింద్రాబాద్ నుంచి పొద్దున బయల్దేరే వందేభారత్ వరంగల్‌కు ఆరున్నర ప్రాంతంలో వస్తుంది, విశాఖకు మధ్యాహ్నం రెండు లోపు చేరుస్తుంది. తిరుగు బండి అక్కడ మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో ఉంటుంది. అంటే ఒక మధ్యాహ్నం నుంచి మరుసటి మధ్యాహ్నం దాకా, టికెట్ గడువుకు అతికినట్టు. వారంలో ఒక రోజు ఆ బండి ఉండదు, బుక్ చేసేముందు చూసుకోవాలి. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కితే తెల్లారేసరికి దించుతుంది, ఖర్చూ తక్కువ. కాకపోతే ఆ పొద్దున్నే బస్సు కోసం బీచ్‌కు పరుగెత్తొద్దు. ఆర్కే బీచ్ రోడ్డును తెల్లవారుజామున నడిచేవాళ్ల కోసం వాహనాలకు మూసేస్తారు. ఆ రెండు గంటలు కాళ్లతోనే తిరగండి, సూర్యోదయం చూడండి, నిద్రపోండి, బస్సు టికెట్ మధ్యాహ్నానికి ఉంచుకోండి.

టికెట్ కొన్నాక మొదటి చుట్టులో ఎక్కడా దిగొద్దు. ఇది చెప్తే చాలామందికి నచ్చదు, పైసలు పెట్టి కొన్నాం కదా అని చేయి గుంజుతుంది. కానీ ఆ రెండు గంటల చుట్టే ఈ టికెట్‌లో అసలైన సరుకు. ఊరు ఒక వరుసలో కళ్ల ముందు నుంచి పోతుంది. కాళీమాత గుడి, సబ్‌మెరైన్, పార్కులు, లాసన్స్ బే, తెన్నేటి పార్కు, మీద కైలాసగిరి, తర్వాత జూ గోడ, సాగర్ నగర్, రుషికొండ, ఆ తర్వాత ఇళ్లు పల్చబడి కొండలూ సముద్రమూ మిగిలే తొవ్వ. అప్పుడు ఏది దిగి చూడాలో, ఏది మేడ మీంచి చూస్తే చాలో ఎవరికి వాళ్లకే తెలిసిపోతుంది. తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ ఉందే, 2020 అక్టోబర్ వాయుగుండానికి లంగరు తెగి వచ్చిన ఎంవీ మా, అలాంటివి కిందికంటే పై అంతస్తు నుంచే బాగా అర్థమవుతాయి. రాళ్లకు అదెంత దగ్గర దాకా వచ్చిందో ఎత్తు నుంచే తెలుస్తుంది.

సీటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ వైపు పోయేటప్పుడు సముద్రం కుడి పక్కన ఉంటుంది. కాబట్టి అందరూ కుడి వైపు కిటికీలకే ఎగబడతారు. కానీ మన దేశంలో బండి ఎడమ పక్కన నడుస్తుంది. పోయేటప్పుడు బస్సు కొండ వైపు అంచున ఉంటుంది. మీకూ సముద్రానికీ మధ్య ఎదురు వచ్చే బండ్లన్నీ ఉంటాయి. తిరిగి వచ్చేటప్పుడు బస్సే నీళ్ల వైపు అంచున నడుస్తుంది, సముద్రం ఎడమ పక్కన. అసలైన దృశ్యం ఆ తిరుగు ప్రయాణంలో, పై అంతస్తు ఎడమ కిటికీలో ఉంది. అందుకే తొట్లకొండ కొసన బస్సు ఆగగానే, కుడి పక్క కూర్చున్నవాళ్లు లేచి ఎడమకు మారాలి. రెండు సీట్లూ దక్కకపోతే పోయేటప్పటిది వదులుకోండి.

వెలుతురు కూడా లెక్కలోకి వస్తుంది. సముద్రం తూర్పున ఉంది. పొద్దున తొమ్మిదింటికి నీళ్ల వైపు చూస్తే మెరుపు తప్ప రంగు కనబడదు, ఫొటోలో మనుషుల ముఖాలు నల్లగా పడతాయి. మధ్యాహ్నం మూడు దాటాక సూర్యుడు కొండల వైపు వాలుతాడు, వెలుతురు మన వెనక నుంచి పోయి నీళ్ల మీద పడుతుంది. నీలం, దాని మీద నురగ గీత, చేపల పడవలు అప్పుడు విడివిడిగా కనిపిస్తాయి. ఒక్కటి గుర్తుంచుకోవాలి. విశాఖ మనకు తూర్పున దాదాపు నాలుగు డిగ్రీల దూరంలో ఉంది, అక్కడ మన కంటే పావుగంట ముందే పొద్దుగూకుతుంది. చలికాలంలో ఐదున్నరకే చీకటి ముసురుతుంది. ఆరింటిదాకా వెలుగుంటుందనే మన అలవాటు లెక్కతో పోతే తిరుగు ప్రయాణం చీకట్లోనే.

పెద్దవాళ్లను పైకి ఎక్కించాలంటే బస్సు నిలబడి ఉన్నప్పుడే ఎక్కించాలి, దిగే స్టాప్ రాకముందే మెట్ల దగ్గరికి రావద్దు. బ్రేకు పడ్డప్పుడు కింద అంతస్తు కంటే పైన ఊపు ఎక్కువ. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు కింద సీటే మేలు.

ఆ చుట్టు ముగిసేసరికి ఆర్కే బీచ్‌లో సాయంత్రమవుతుంది. మొదటి దిగుడు అక్కడే, కురుసుర జలాంతర్గామి. సాయంత్రానికే ఎందుకంటే మామూలు రోజుల్లో దాన్ని మధ్యాహ్నం తర్వాతనే తెరుస్తారు, రాత్రి ఎనిమిది దాటేదాకా ఉంటుంది. ఆదివారం పొద్దున నుంచే. సోమవారం సెలవు. కారు ప్యాకేజీల్లో పొద్దున పూట తీసుకుపోయి, మూసి ఉన్న గేటు ముందు ఫొటో తీయించి పంపేది ఇందుకే. మ్యూజియం మూసే వేళ కంటే ముందే టికెట్ కిటికీ మూసేస్తారు, ఏడున్నరలోపు లైన్లో ఉండాలి.

ఐఎన్ఎస్ కురుసుర 1969 డిసెంబర్‌లో నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది, 2001 ఫిబ్రవరిలో విరమించింది. తర్వాతి ఏడే ఇసుక మీదికి లాగి మ్యూజియం చేశారు. 91 మీటర్ల పొడవు. లోపల చూడాల్సింది ఆ పొడవు కాదు, ఇరుకు. ఒక గది నుంచి ఇంకో గదికి పోవడానికి తలుపులుండవు, ఇనుప గోడలో గుండ్రటి కంతలుంటాయి. ముందు ఒక కాలు అవతల పెట్టాలి, తర్వాత నడుము వంచి తల, ఆ తర్వాత రెండో కాలు. తల ముందు పెట్టినవాళ్లకు నుదుటి మీద దెబ్బ తప్పదు. వెనక బ్యాగు ఉంటే కంతలో ఇరుక్కుంటుంది, ముందుకు తగిలించుకోవాలి. గోడలనిండా పైపులు, చక్రాలు, గడియారాల్లాంటి మీటర్లు, వాటి మధ్య ఒకదానిమీద ఒకటి మంచాలు. టార్పెడోలు వదిలే గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. డెబ్బై మందికి పైగా మనుషులు వారాల తరబడి ఈ గొట్టంలో ఉన్నారన్న మాట వినడం వేరు, ఆ కంతలోంచి దూరి అవతలికి రావడం వేరు. నౌకాదళంలో పనిచేసి వచ్చినవాళ్లే లోపల నిలబడి చెప్తుంటారు. వాళ్లను దాటి పరుగెత్తకుండా నిలబడి అడగండి. ఇరుకు అంటే భయం ఉన్నవాళ్లు లోపలికి పోయాక వెనక్కి రాలేరు, తొవ్వ ఒకే వైపు. బయటే ఉండటం మంచిది. రోడ్డుకు అవతలే టీయూ 142 విమానం. ఈ రకం నిఘా విమానాలు నౌకాదళంలో 29 ఏళ్లు ఎగిరి, అన్నీ కలిపి 30 వేల గంటలు ప్రమాదం లేకుండా గడిపాయి. అదే సాయంత్రం అరగంటలో అయిపోతుంది.

రెండో దిగుడు మరుసటి పొద్దున, తొట్లకొండ. మొదటి బస్సుకే పోవాలి. కొండ మీద నీడ తక్కువ, పదకొండు దాటితే రాయి కాలుతుంది. బస్సు కింద రోడ్డు మీద ఆపుతుందా, పైకి పోతుందా అన్నది ఎక్కేటప్పుడే తేల్చుకోవాలి. కిందే ఆగితే పెద్దవాళ్లతో ఆ ఎక్కుడు నడక కష్టం, ఆటో దొరకడం మీద ఆశ పెట్టుకోవద్దు. నీళ్లు వెంట ఉండాలి.

ఆ కొండకు పేరు పెట్టింది నీటి తొట్లే. బండను దిగువకు తొలిచి వాన నీళ్లు పట్టి పెట్టుకున్న తొట్లు ఇప్పటికీ ఉన్నాయి, వానాకాలం తర్వాత పోతే నీళ్లతోనే కనిపిస్తాయి. సముద్రం నుంచి 128 మీటర్ల ఎత్తున, ఊటా వాగూ లేని కొండ మీద భిక్షువులు వందల ఏళ్లు ఉండగలిగింది ఆ తొట్ల వల్లే. నౌకాదళం సర్వేలో ఈ చోటు బయటపడింది, 1988 నుంచి 1993 దాకా తవ్వారు. స్తూపం, వరుసగా గదులు, అందరూ కలిసి కూర్చునే మండపం, వంట, భోజనశాల పునాదులు తేలాయి. శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. ఉత్తర తెలంగాణ వాళ్లు ఈ కొండ మీద ఆగి చూడాల్సిన కారణం ఒకటుంది. పెద్దపల్లి జిల్లా ధూళికట్టలో బౌద్ధ స్తూపం, జగిత్యాల జిల్లా కోటిలింగాలలో తొలి శాతవాహనుల నాణేలు మన దగ్గర ఉన్నవే. గోదావరి ఒడ్డున ఉన్న ఆ లోకానికీ, ఓడలు దిగే ఈ తీరానికీ ఒకే కాలంలో ఒకే మతం, ఒకే రాజుల డబ్బు నడిచాయి. ధూళికట్టలో నిలబడి చూస్తే చుట్టూ పొలాలు. ఇక్కడ నిలబడితే కింద సముద్రం. గది గోడ ఎత్తు, మెట్టు వెడల్పు, స్తూపం గుండ్రం ఒకదానితో ఒకటి పోల్చుకుంటూ చూడండి, గంట ఇట్టే గడుస్తుంది. గంటకో బస్సు ఉన్నా ఇక్కడ మాత్రం నష్టం లేదు.

మూడో దిగుడు రుషికొండ, తిరిగి వచ్చేటప్పుడు. శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ ఇది. స్నానం ఇక్కడే, అదీ చివర్లోనే. తడి బట్టలతో, ఇసుకతో పై అంతస్తు ఎక్కితే పక్కవాళ్లకూ ఇబ్బంది, మీకూ జలుబు. బట్టలు మార్చుకునే గదులున్న చోట ముగించడం తెలివి. చెరువులో, ఎస్సారెస్పీ కాలువలో ఈత నేర్చినవాళ్లకు ఒక మాట. పైలం. కాలువలో నీళ్లు ఒకే వైపు పోతాయి, ఎటు లాగుతుందో తెలుసు. సముద్రంలో ఒడ్డుకు కొట్టిన నీళ్లన్నీ ఒక ఇరుకు దారి వెతుక్కుని వెనక్కి పరుగెడతాయి. ఆ దారి పైనుంచి చూస్తే అలలు లేకుండా ప్రశాంతంగా కనిపిస్తుంది, అందుకే కొత్తవాళ్లు అక్కడే దిగుతారు. లాగినప్పుడు ఒడ్డు వైపు ఎదురీదితే ఎంత గజ ఈతగాడైనా అలసిపోతాడు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదితే ఆ దారి దాటిపోతుంది, అప్పుడు అలలే తోసుకొస్తాయి. ఈత రానివాళ్లకు మోకాళ్ల లోతే హద్దు. ఆర్కే బీచ్‌లో ఆ మోకాళ్ల లోతు కూడా వద్దంటాను. అక్కడ నేల గబుక్కున దిగిపోతుంది.

మిగతావాటిని త్వరగా చెప్తాను. కైలాసగిరి స్టాప్ అంటే కొండ కింద దించుతారు, పైకి రోప్‌వే, మెట్లు, లేదా వేరే బండి. గాలి ఎక్కువైతే రోప్‌వే ఆపేస్తారు. ఒక పూట పూర్తిగా ఉంటే తప్ప దిగొద్దు. జూ కూడా అంతే, సగం పూట తింటుంది, సోమవారం మూత. సింహాచలం ఈ తొవ్వలో లేదు, దానికి వేరే పూట, వేరే బస్సు. భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు తొట్లకొండ అవతల ఉన్నాయి, వాటికోసం ఆర్టీసీ 900కె నంబరు బస్సు రైల్వే స్టేషన్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా పోతుంది. డబ్బు గట్టిగా చూసుకునేవాళ్లకు అసలు ఆ 900కె చాలు, సముద్రం అదే సముద్రం. కాకపోతే మన ఆడవాళ్లు అలవాటుగా ఆధార్ తీసి జీరో టికెట్ అడగొద్దు. ఇక్కడి మహాలక్ష్మి మన రాష్ట్రంలో నివాసం ఉన్నవాళ్లకు ఉన్నట్టే, 2025 ఆగస్టు 15న మొదలైన అక్కడి స్త్రీశక్తి ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు. తెలంగాణ కార్డుకు టికెట్ కొనాల్సిందే.

ఉక్కపోతను తక్కువ అంచనా వేయొద్దు. మే నెలలో మన దగ్గర 44 డిగ్రీలు చూసినవాళ్లు అక్కడి 35ని చూసి నవ్వుకుంటారు. మన ఎండలో చెమట పుట్టగానే ఆరిపోయి ఒళ్లు చల్లబడుతుంది. అక్కడి గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహం తెలియకుండానే నీరసం కమ్ముతుంది. ఉప్పు వేసిన మజ్జిగ మనిషికి ఒక సీసా పెట్టుకోవాలి. బతుకమ్మ, దసరా సెలవులకు పోదామనుకుంటే అవి తుపాన్ల రోజులు కూడా. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న ఈ తీరాన్నే తాకింది. వాయుగుండం హెచ్చరిక ఉన్నప్పుడు బీచ్ రోడ్డు సర్వీసు మీద ఆధారపడొద్దు. ఆదివారం సాయంత్రం బీచ్ రోడ్డు కిక్కిరిసి ఉంటుంది, పైన చెప్పిన తోకపట్టుకునే జబ్బు ఆ రోజే ఎక్కువ. డిసెంబర్ 4 నేవీ డే విన్యాసాలు అక్కడ జరిగే ఏడు, రిహార్సల్ రోజుల్లో కూడా రోడ్డు మళ్లిస్తారు.

తిరుగు రైలు రోజున ఆఖరి లెక్క ఇలా వేసుకోవాలి. రెండున్నర బండికి రెండింటికల్లా స్టేషన్‌లో ఉండాలి. ఆర్కే బీచ్ నుంచి స్టేషన్‌కు అరగంట. రుషికొండ నుంచి ఆర్కే బీచ్‌కు ఇంకో ముప్పావుగంట. అంటే ఎంత ఆలస్యమైనా పన్నెండున్నరకు రుషికొండలో బస్సు ఎక్కి ఉండాలి. బస్సుల మధ్య గంట ఎడం ఉంటే పదకొండున్నర బస్సుకే ఎక్కాలి, ఎందుకంటే పన్నెండున్నర బస్సు నిండిపోయి వస్తే మీకు ఇంకో బస్సు లేదు. ఆఖరి బస్సును ఎప్పుడూ లేనట్టే లెక్కపెట్టుకోవాలి.

ఇది చదివే వరంగల్ వాళ్లకు ఒక ఆలోచన రాక మానదు, మన దగ్గర కూడా పెట్టొచ్చు కదా అని. పెట్టాలి. కాజీపేట జంక్షన్ నుంచి వేయి స్తంభాల గుడి, భద్రకాళి, వరంగల్ స్టేషన్ మీదుగా కోట, అందులోని ఖుష్ మహల్ దాకా ఉజ్జాయింపుగా 15 కిలోమీటర్లే వస్తుంది, విశాఖ తొవ్వకు సరిసమానం. ఒక కొసన కాజీపేట స్టేషన్, ఇంకో కొసకు దగ్గర్లో వరంగల్ స్టేషన్ ఉన్నాయి. ఒకే గీత మీద కాకతీయుల ఊరు మొత్తం దొరుకుతుంది. కానీ డబుల్ డెక్కర్ కోసం పట్టుపట్టొద్దని నా అభిప్రాయం. రూల్ ప్రకారం డబుల్ డెక్కర్ ఎత్తు 4.75 మీటర్ల దాకా ఉండొచ్చు. స్టేషన్ పక్క అండర్ బ్రిడ్జి కిందనుంచి, పడమర కోట రాతి దర్వాజా మలుపుల్లోంచి అంత బండిని తిప్పడం అంటే రాయికి గీతలు పెట్టడమే. విశాఖలో మేడ అవసరం, ఎందుకంటే అక్కడ చూడాల్సింది దూరంగా, పల్లంలో ఉన్న సముద్రం. మన దగ్గర చూడాల్సింది దగ్గరికి పోయి చూసే చెక్కడం. కీర్తి తోరణం బస్సు కిటికీలోంచి చూసేది కాదు, దిగి దాని కింద నడిచేది. కాబట్టి అవే పైసలతో చిన్న బస్సులు ఎక్కువ కొనాలి. రెండు పెద్ద బస్సులు గంటకోసారి వచ్చే బదులు ఆరు చిన్న బస్సులు ఇరవై నిమిషాలకోసారి రావాలి. ఎండాకాలంలో పొద్దున ఆరు నుంచి పది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా నడిపి, నడిమిట్ల బండ్లకు చార్జింగ్ పెట్టుకోవాలి. ప్రతి స్టాప్‌లో నీడ, తాగునీళ్లు, తర్వాతి బస్సు ఎన్ని నిమిషాల్లో ఉందో తెలుగులో పెద్ద అక్షరాల్లో చెప్పే బోర్డు. భద్రకాళి గుడి దగ్గర ఆ బోర్డు మీద "7 నిమిషాలు" అని కనిపిస్తే, కట్ట మీద కాసేపు కూర్చుందామా, ఇప్పుడే పోదామా అన్నది దర్శనం చేసుకుని వచ్చిన ముసలమ్మ తానే తేల్చుకుంటుంది.